కొమ్ము విరవకుండానే బేరం

2025 జూన్ 12 మధ్యాహ్నం అహ్మదాబాదులో ఎయిరిండియా 171 కూలిపోయిన నాటి నుంచి ఓ రెండు నెలల పాటు మా ఆర్మూరులో విమానయాన నిపుణుడు కానివాడు లేడు. మొదటి వారం పక్షులు కొట్టాయన్నారు. రెండవ వారం రెక్కల వెనుక ఫ్లాపులు సరిగ్గా దించలేదన్నారు. జూలై 12న ప్రాథమిక నివేదిక బయటికి వచ్చింది. అది పదిహేను పుటల చిన్న పత్రం. దాన్ని చదివిన మనిషి నాకు ఒక్కరూ తారసపడలేదు గానీ, అందులో లేని తీర్పును మాత్రం అందరూ ఒప్పజెప్పారు: పైలటే చేశాడట.

ఈ "అట" సంగతి కొంచెం ఆలోచించండి. మన భాషకున్న అందమైన సౌకర్యాల్లో ఇదొకటి. నేను చూడలేదు, విన్నాను, నిజమో కాదో విన్నవాడే తేల్చుకోవాలి అన్న వినయమంతా ఆ రెండక్షరాల్లో ఇమిడి ఉంది. మన తాతలు దాన్ని అలాగే వాడుకున్నారు. మనం వచ్చేసరికి ఆ వినయం పోయి, బాధ్యత లేకపోవడం ఒక్కటే మిగిలింది. ఏ మాటైనా అనేసి చివర "అట" తగిలిస్తే సరి, అన్నవాడికి పాపం అంటదు. అవతలి మనిషి పరువు మాత్రం ఆ "అట"తోనే పోతుంది.

జూలైలోనే ఒక సాయంత్రం మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ నన్ను ఆపి అడిగింది. ఆమె చిన్నకొడుకు సెలవుకు వచ్చి ఉన్నాడు, మరుసటి వారం దుబాయి తిరిగి వెళ్ళాలి.

"సారూ, పైలటే కావాలని బంద్ చేసిండట గదా! మా చిన్నోడు విమానం ఎక్కాలె. గాళ్ళను ఎట్ల నమ్మాలె?"

"తెలియదమ్మా. ఇంకా ఎవరికీ తెలియదు" అన్నాను.

"ఊరంతా చెప్పవట్టె, ఎవలకూ తెల్వదంటవేంది?"

మా ప్రాంతం సంగతి ఎరిగినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫుకు మనిషిని పంపని ఇల్లు తక్కువ. బొంబాయి దాకా బస్సులో పోయి విమానమెక్కిన తరం ఉంది. బేగంపేట దాకా బంధువులందరూ బండి మాట్లాడుకుని వెళ్ళి సాగనంపిన తరం ఉంది. 2008 మార్చి నుంచి ఆ సాగనంపడాలు శంషాబాదుకు మారాయి. ఎకరం పసుపు మీద వచ్చేది చాలక కొడుకును ఆకాశంలోకి పంపుతున్న తల్లికి విమానం వినోదవస్తువు కాదు. ముందు గదిలో కూర్చున్న ఇద్దరు అపరిచితుల మీద ఆమె పెట్టుకున్న నమ్మకమే ఆమె టికెట్టు. ఆ నమ్మకాన్ని పొద్దుపోని కబుర్లతో కొరికి తినే హక్కు మనకెవరిచ్చారన్నదే నేను అడగదలచిన ప్రశ్న. ఈ ప్రశ్న వీధిలో మాట్లాడేవారికే కాదు, విమానాలు నడిపేవారికి కూడా. నిజానికి వారికే ముందు.

మొదట నేను దేనికి వ్యతిరేకిని కానో చెబుతాను. విమాన ప్రమాదాల గురించి మాట్లాడకూడదని నేననను. చోదకులు తమలో తాము మాట్లాడుకోకపోతే మనుషులు చస్తారు. ఇది అలంకారానికి అన్న మాట కాదు. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతున్న టి.డబ్ల్యు.ఎ. 514 విమానం ఒక కొండను గుద్దుకుంది. లోపల ఉన్న 92 మందీ పోయారు. దిగేందుకు అనుమతి ఇస్తూ నియంత్రణ కేంద్రం అన్న మాటను వారొక అర్థంలో అన్నారు, చోదకులు మరొక అర్థంలో తీసుకున్నారు. కొండ ఎత్తు దాటకముందే కిందికి దించారు. ఘోరమేమిటంటే, కొద్ది వారాల క్రితమే మరొక సంస్థ చోదకులు అదే దారిలో అదే పొరపాటు చేసి త్రుటిలో బయటపడ్డారు. తమ సంస్థలో చెప్పుకున్నారు, తమవారిని హెచ్చరించుకున్నారు. ఆ మాట సంస్థ గోడ దాటి పక్క సంస్థ చోదకుల చెవిన పడలేదు. దాటి ఉంటే ఆ 92 మందిలో ఎందరో ముసలివారై ఇంట్లో పోయేవారు.

ఆ దెబ్బతోనే 1976లో అక్కడ ఒక ఏర్పాటు మొదలయింది. చోదకుడు తన పొరపాటును తానే రాసి పంపవచ్చు. తీసుకునేది అతనికి జీతమిచ్చే సంస్థ కాదు, అతని లైసెన్సు రద్దు చేయగల శాఖ కూడా కాదు. అంతరిక్ష పరిశోధన చేసే నాసా. పేరు తీసేస్తారు, విషయాన్ని అందరికీ చెబుతారు. మనిషి పక్కకు జరిగి సంగతి మధ్యలోకి వస్తుంది. గంభీరమైన చర్చ అంటే నా మనసులో ఉన్న రూపం ఇదే.

మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. సంగతి పక్కకు జరుగుతుంది, మనిషి మధ్యలోకి వస్తాడు.

మా మార్కెట్ల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఆర్మూరు, బాల్కొండ వైపు రైతులు పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాదు యార్డుకు తెస్తారు. కుప్ప ముందు నిలబడ్డ వ్యాపారి ఎంత తొందరలో ఉన్నా ఒక పని చేస్తాడు. గుప్పెడు కొమ్ములు తీసుకుని ఒకటి పటుక్కున విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, తడి ఆరిందో లేదో ఆ చప్పుడును బట్టే పసిగడతాడు. పైన ఎంత మెరుగు పెట్టినా లోపల ఏముందో విరిస్తేనే తెలుస్తుంది. కొమ్ము విరవకుండా ధర పలికే వ్యాపారిని నేను చూడలేదు. క్వింటాలు పసుపు దగ్గర ఇంత జాగ్రత్త చూపించే మనం 260 మంది చావుల దగ్గర మెరుగు చూసే ధర కట్టేశాం.

చోదకుల గురించి ముందు మాట్లాడదామన్నాను కదా. 121.5 మెగాహెర్ట్జ్ అని ఒక తరంగం ఉంది. ఆపదలో ఉన్న విమానం అరిచి చెప్పుకోవడానికి ప్రపంచమంతటా దాన్ని ఖాళీగా ఉంచుతారు. ఎగురుతున్న విమానాలు, నేల మీది నియంత్రణ కేంద్రాలు దాని మీద ఒక చెవి వేసి ఉంచుతాయి. 2022 ఏప్రిల్‌లో మన దేశంలోని ఒక పెద్ద సంస్థకు చెందిన కొందరు చోదకులు ఆ తరంగం మీద జీతాల గొడవ మాట్లాడుకుంటూ బూతులు తిట్టుకున్నారని వార్తలు వచ్చాయి, విచారణ మొదలయింది. అమెరికా ఆకాశంలోనైతే అదే తరంగం మీద కొందరు చోదకులు పిల్లి కూతలు కూస్తారు. విసుగు పుట్టినప్పుడు అదొక సరదా.

జీతాల బాధ అబద్ధమని నేననను. కొవిడ్ కాలంలో కోసిన జీతాలు తిరిగి పూర్తిగా కలపలేదన్న కోపం న్యాయమైనదే కావచ్చు. ఆ కోపానికి సంఘం ఉంది, న్యాయస్థానం ఉంది, పత్రిక ఉంది. ఆపదలో ఉన్నవాడి గొంతు కోసం ఖాళీగా ఉంచిన చోట దాన్ని గుమ్మరిస్తే రెండు నష్టాలు. ఆ క్షణంలో నిజంగా ఎవడైనా అరిస్తే వినపడకపోవచ్చు. ఆ పైన, రేపు అదే చోదకుడు "మాకు విశ్రాంతి చాలడం లేదు, ఇది ప్రయాణికులకే ప్రమాదం" అని నిజం చెప్పినప్పుడు జనం నమ్మరు. ఈ రెండవ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక మన తెలుగువారి వంతు. మనకు ఆకాశంలో పోయినవారి జాబితా చిన్నది కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ సభాపతి బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి పోయారు. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి మా పక్క జిల్లా కరీంనగరుకే బయలుదేరి, బెంగుళూరులో విమానం లేచిన కాసేపటికే మరణించింది. ఆ రెండు సందర్భాల్లోనూ మనం వాతావరణం గురించి, యంత్రం గురించి ఎంత మాట్లాడుకున్నామో, జాతకాల గురించి, ముహూర్తాల గురించి ఎంత మాట్లాడుకున్నామో గుర్తు తెచ్చుకోండి.

2009 సెప్టెంబరు 2ను ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. ఆ ఉదయం ఎనిమిదిన్నర దాటాక బేగంపేటలో లేచిన బెల్ 430 హెలికాప్టరు చిత్తూరు జిల్లాకు చేరలేదు. రోజంతా ఎడతెరిపి లేని వార్తలు. క్షేమంగా దిగారట, రోడ్డు మార్గాన పోతున్నారట, అడవిలో నడుస్తున్నారట. ఒక్కొక్క "అట"కూ రాష్ట్రం ఊపిరి పీల్చుకుని వదిలింది. మరునాటి ఉదయం నల్లమలలో పావురాలగుట్ట దగ్గర శకలాలు కనబడ్డాయి. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డితో పాటు పోయినవారు మరి నలుగురు: కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, చోదకులు గ్రూప్ కెప్టెన్ భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. మొదటి పేరు తప్ప తక్కినవి ఎందరికి గుర్తున్నాయి?

ఆ ప్రమాదంపై ఆర్.కె. త్యాగి నాయకత్వాన నిపుణుల సంఘం విచారణ జరిపింది. గేరుబాక్సు నూనె పీడనం గురించి ఒక సూచిక అనుమానం పుట్టించిందని, దానికి ఏం చేయాలో సూచనల పుస్తకంలో వెతుకుతూ ఆ ఇద్దరూ ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారని, ఆ లోపల హెలికాప్టరు ఉరుముల మేఘాల్లోకి వెళ్ళి, బలమైన కిందిగాలి వారిని కొండ మీదికి తోసిందని ఆ సంఘం తేల్చింది. విద్రోహం లేదంది. చివరి క్షణాల్లో సహచోదకుడు "గో అరౌండ్" అని అరిచిన అరుపు రికార్డులో ఉంది.

ఇందులో మాట్లాడుకోవలసింది ఎంత ఉందో చూడండి. ఒక చిన్న దీపం వెలిగితే ఇద్దరు అనుభవజ్ఞుల దృష్టి అంతా దాని మీదికే ఎందుకు పోతుంది? ఒకరు పుస్తకం చూస్తుంటే మరొకరు ఆకాశమే చూడాలన్న నియమం ఎక్కడ సడలింది? వెనుక కూర్చున్నది ముఖ్యమంత్రి అయినప్పుడు, కింద జనం ఎదురుచూస్తున్నప్పుడు, "వాతావరణం బాగాలేదు, వెనక్కు తిప్పుతున్నాను" అనే ధైర్యం చోదకుడికి ఎంత మిగులుతుంది? ఈ చివరి ప్రశ్న ఒక్కటే పెట్టుకుని తెలుగునాట నెల రోజులు చర్చ జరగవలసింది. ఎన్నికలొస్తే హెలికాప్టర్లు మన మండలాల మీద గద్దల్లా తిరుగుతాయి. ప్రతి దానిలోనూ తొందరపడే నాయకుడు ఒకడు, తొందరించబడే చోదకుడు ఒకడు ఉంటారు.

దానికి బదులు జరిగింది ఇది. 2010 జనవరి 7 రాత్రి ఒక తెలుగు వార్తాఛానెలు, ఎక్కడో విదేశీ జాలస్థలంలో నాలుగు నెలల క్రితం ఎవరో రాసిన ఊహను తీసుకుని, ముఖ్యమంత్రి మరణం వెనుక ఒక వ్యాపార సంస్థ కుట్ర ఉందన్నట్టు చూపింది. మరికొన్ని ఛానెళ్ళు అందుకున్నాయి. గంటలు తిరక్కముందే రాష్ట్రంలో అనేక చోట్ల రిలయన్సు దుకాణాల మీద, బంకుల మీద రాళ్ళు పడ్డాయి, మంటలు లేచాయి. ఆ దుకాణాల్లో రాత్రి కాపలా ఉన్నవాడు మన ఊరివాడే. ఆ తరువాత పాత్రికేయుల అరెస్టులు, వాటి మీద పత్రికా స్వాతంత్ర్యమంటూ మరో రగడ. ఈ మొత్తంలో గేరుబాక్సు ఏమయింది? మేఘం ఏమయింది? ఆ ఇద్దరు చోదకుల భుజాల మీద ఉన్న ఒత్తిడి ఏమయింది? విషయం నుంచి పక్కకు పోవడమంటే కాలక్షేపం కాదు మిత్రులారా. దానికి బిల్లు ఎవరో ఒకరు కడతారు.

అదే 2010 మే 22న మంగుళూరు. దుబాయి నుంచి వస్తున్న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం తెల్లవారి ఆరు దాటాక బల్లకట్టు లాంటి ఆ కొండకొమ్ము రన్‌వే చివర దాటి లోయలో పడింది. 166 మందిలో ఎనిమిది మంది బతికారు. పోయిన 158 మందిలో అధికభాగం గల్ఫు కష్టజీవులు. మా ఊరి తల్లులకు బాగా అర్థమయ్యే ప్రమాదం అది. కొన్ని నెలల తరువాత విచారణలోంచి ఒక వివరం బయటికి వచ్చింది. రికార్డులో కెప్టెన్ గురక వినిపించిందన్నది ఆ వివరం. ఇక అంతే. దేశమంతా గురక మీద హాస్యం. తెలుగులో వచ్చిన శీర్షికలు ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఆ గురకను పక్కకు తీసి చూడండి, కింద ఏముందో. మనిషి ఒళ్ళు నిద్రను బలంగా కోరుకునే తెల్లవారుజాము గంటల్లో సాగిన ప్రయాణం అది. నిద్రలోంచి లేచిన వెంటనే బుద్ధి పూర్తిగా మేలుకోదు, ఆ మత్తు కొంతసేపు తీర్పును పాడు చేస్తుంది. మంగుళూరు రాడారు రెండు రోజులుగా పని చేయడం లేదు, అందువల్ల కిందికి దిగే అనుమతి మామూలుకన్నా దగ్గరికి వచ్చాక ఇచ్చారు. విమానం ఉండవలసినదానికన్నా ఎత్తులో ఉంది. సహచోదకుడు మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు, కెప్టెన్ వినలేదు, ఇతను అధికారాన్ని చేతిలోకి తీసుకోలేదు. నల్లమలలో ఒక గొంతు, మంగుళూరులో ఒక గొంతు. రెండూ పక్కసీటు గొంతులే, రెండూ ఒకే మాట అన్నాయి. పెద్దవాడికి ఎదురు చెప్పడాన్ని తప్పుగా నేర్పిన సమాజంలో పుట్టిన మనం ఈ విషయం మీద తెలుగులో నాలుగు మంచి వ్యాసాలు రాసుకోవలసింది. మనం గురక పెట్టడాన్ని అనుకరించి నవ్వుకున్నాం.

ఇప్పుడు అహ్మదాబాదుకు వద్దాం. ప్రాథమిక నివేదిక చెప్పింది ఇంతే: విమానం లేచిన క్షణాల్లో రెండు ఇంజన్లకూ ఇంధనం అందించే మీటలు, ఒక సెకను తేడాతో ఒకదాని తరువాత ఒకటి, ఆపివేసే స్థానానికి మారాయి. ఎందుకు ఆపావని ఒకరు అడిగారు, నేను ఆపలేదని మరొకరు అన్నారు. ఆ తరువాత మీటలు తిరిగి యథాస్థానానికి వచ్చాయి, అప్పటికే ఎత్తు చాలలేదు. అడిగిందెవరో, జవాబిచ్చిందెవరో అందులో లేదు. చేత్తో మార్చారని లేదు. ఆ మీటల తాళం ఏర్పాటు గురించి అమెరికా అధికారులు 2018లో ఒక సలహాపత్రం ఇచ్చారన్న ప్రస్తావన మాత్రం ఉంది.

నివేదిక రాసినవారిని కూడా నేను వదిలిపెట్టను. వందల కుటుంబాలు కాచుకుని ఉన్నప్పుడు, కాక్‌పిట్ సంభాషణ నుంచి ఒకే ఒక్క వాక్యాన్ని, అదీ సొంత మాటల్లో కుదించి, ఎవరన్నారో చెప్పకుండా విడుదల చేయడం ఎండిన గడ్డి దగ్గర అగ్గిపుల్ల పెట్టి పోవడమే. చెబితే సందర్భంతో చెప్పాలి. లేదా తుది నివేదిక దాకా ఆగాలి. సగం కొమ్ము చూపిస్తే సంతలో ఏమవుతుందో వారికి తెలియదా?

ఏమయిందో చూశాం. విదేశీ పత్రికలు పేరుతెలియని అధికారుల మాటలతో కెప్టెన్ వైపు వేలు చూపాయి. మన ఛానెళ్ళు ఆయన పెళ్ళి గురించి, ఇంటి గురించి, మనసు గురించి మాట్లాడాయి. తుది నిర్ణయాలకు ఇది సమయం కాదని జూలై 17న దర్యాప్తు సంస్థే బతిమాలుకోవలసి వచ్చింది. చివరకు కెప్టెన్ గారి వృద్ధుడైన తండ్రి సర్వోన్నత న్యాయస్థానం మెట్లెక్కారు. మీ కొడుకును ఎవరూ నిందించలేరు, ఆ భారం మీరు మోయవద్దు అన్న అర్థంలో 2025 నవంబరు 7న ధర్మాసనం ఆయనను ఊరడించింది. కొడుకు పోయిన తండ్రి కొడుకు పరువు కోసం ఢిల్లీ దాకా పోవలసి రావడం కన్నా మన సంభాషణల నాణ్యతకు వేరే కొలత అక్కరలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది. "చోదకుడే ముంచిన సందర్భాలు లేవా?" ఉన్నాయి. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ సహచోదకుడు తలుపు వేసుకుని విమానాన్ని ఆల్ప్స్ పర్వతాలకు గుద్దాడు, 150 మంది పోయారు. కాబట్టి ఆ అనుమానాన్ని దర్యాప్తు చేసేవారు పరిశీలించవలసిందే, వారి బల్ల మీద అన్ని అనుమానాలూ ఉండవలసిందే. కానీ ఆ ప్రమాదంపై ఫ్రెంచి దర్యాప్తు సంస్థ ఇచ్చిన నివేదిక ఏం చెప్పిందో కూడా చూడాలి. తన జబ్బు బయటపడితే లైసెన్సు పోతుంది, బతుకుదెరువు పోతుంది అన్న భయం అతను దాచుకోవడానికి ఒక కారణమని చెప్పింది. చోదకులు భయం లేకుండా తోటివారితో చెప్పుకునే ఏర్పాట్లు కావాలంది. అంటే, మనసు బాగాలేని చోదకుడు బయటపడి చెప్పుకుంటేనే మనకు రక్ష. కెప్టెన్ మనోవ్యాధి గురించి ఆధారం లేకుండా రెండు నెలలు రచ్చ చేసిన మనం, రేపు నిజంగా నిద్ర పట్టని ఒక యువచోదకుడికి ఏం నేర్పాం? నోరు మూసుకోమని నేర్పాం. ఆ నోరు మూసుకున్న విమానంలోనే మా వీధి చిన్నోడు ఎక్కుతాడు.

రెండవ పక్షం వారితోనూ నాకు తగువుంది. "ఇలాంటివి బహిరంగంగా మాట్లాడితే వృత్తి పరువు పోతుంది, కాబట్టి ఎవరూ ఏమీ అనవద్దు" అనేవారు. అహ్మదాబాదు నివేదిక వచ్చిన రోజుల్లో చోదకుల సంఘాలు ఆత్మహత్య మాటను ఖండించాయి. మంచి పని చేశాయి. కానీ ఒక సంఘం అంతటితో ఆగక, సిబ్బంది తమ శిక్షణకు తగినట్టే నడుచుకున్నారని కూడా ప్రకటించింది. అదెలా తెలిసింది? అది కూడా కొమ్ము విరవని బేరమే కదా. మనవాడు కనుక తప్పు చేయడు అనడం, కులసంఘం మాట. వృత్తిసంఘం నుంచి నేను వేరే మాట ఆశిస్తాను: "మాకు తెలియదు. తేలనివ్వండి. తేలినది మావాడి తప్పయినా మేమే ముందు దాన్ని చదివి మా శిక్షణలో చేర్చుకుంటాం." ఈ మాట అన్న రోజున చోదకుల పరువు పెరుగుతుందే తప్ప తగ్గదు.

పరువు అన్నది మెరుగుపెట్టే డ్రమ్ములో వేసి తిప్పితే వచ్చేది కాదని 2025 డిసెంబరు చూపించింది. చోదకుల వారాంత విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచి, వారానికి రాత్రి దిగే సంఖ్యను ఆరు నుంచి రెండుకు తగ్గించే నిబంధనలు నవంబరు 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చాయి. మంగుళూరు లాంటి తెల్లవారుజాములకు అదొక సమాధానం. దేశంలోకెల్లా పెద్దదైన ఇండిగో సంస్థకు సరిపడా చోదకులు లేరు. డిసెంబరు మొదటి వారంలో విమానాలు వేలల్లో రద్దయ్యాయి, ఒక్క 5వ తేదీనే వెయ్యికి పైగా. శంషాబాదులో జనం నేల మీద పడుకున్నారు. అదే రోజు ఆ సంస్థకు నిబంధనల నుంచి తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం వాడు కావడంతో తెలుగు చర్చ అంతా ఆయన పార్టీ చుట్టూ, ఆయన వీడియోల చుట్టూ తిరిగింది.

ఆ వారం నేను విన్న మాటల్లో ఎక్కువసార్లు విన్నది ఇది: లక్షల జీతం తీసుకుని ఇంకా విశ్రాంతి కావాలట! మళ్ళీ అదే "అట". అలసిన చోదకుడు ప్రయాణికుడి ప్రాణానికి ముప్పు అన్న మాట చోదకులు ఏళ్ళ తరబడి చెబుతున్నదే. అది సత్యం. కానీ ఆపద తరంగం మీద జీతాల బూతులు వినిపించిన వృత్తి నోట అదే సత్యం వచ్చినప్పుడు, జనం చెవికి అది జీతాల బేరంలాగే వినబడింది. ఇందాక ఎవరూ లెక్కలోకి తీసుకోరన్న నష్టం ఇదే. ఆ నష్టం చోదకులకు ఒక్కరికే అయితే నేనింత రాసేవాణ్ణి కాను. నిబంధన సడలిన రాత్రి ఆ అలసిన చేతుల వెనుక కూర్చున్నది ప్రయాణికులు.

చోదక మిత్రులు ఎవరైనా ఇది చదివితే, నావి రెండే కోరికలు. ప్రమాదం జరిగిన మరునాడు ఛానెలు పిలిస్తే వెళ్ళండి, కానీ మీటంటే ఏమిటో చెప్పండి, మీట ఎవరు తిప్పారో చెప్పకండి. ఇంజను ఆగితే విమానం ఎంతసేపు గాలిలో ఉంటుందో చెప్పండి. ఇవి మాకు తెలియవు, మీకు తెలుసు. మీకూ మాకూ సమానంగా తెలియని దాన్ని మాత్రం నాలుగు చారల భుజంతో చెప్పకండి, ఎందుకంటే ఆ చారలను చూసి మేము నమ్ముతాం. రెండవది, మీ తప్పుల గురించి మీరే మాకు తెలుగులో చెప్పండి. మీరు తప్పు ఒప్పుకుంటే మేము విమానం ఎక్కడం మానేస్తామని భయపడుతున్నారు గానీ, ఇక్కడ అంతా తప్పు దిద్దుకునే పనులే. పసుపు ఉడకబెట్టడంలో ఒక్క గంట తేడా వస్తే కుప్పంతా పాడవుతుందని ఎరిగినవాడు పక్కవాడి ఒప్పుకోలును వెక్కిరించడు.

మా వీధి పెద్దావిడ చిన్నకొడుకు ఆ జూలైలోనే దుబాయి వెళ్ళాడు. దిగగానే ఫోను చేశాడు. ఆమె అంతదాకా నిద్రపోలేదని మరునాడు చెప్పింది.

ఈ మధ్య మళ్ళీ కనబడింది. మా ఊరికి ఆనుకుని జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కడతారన్న మాట ఏళ్ళుగా నలుగుతోంది కదా, దాని గురించి అడిగింది.

"జక్రాన్‌పల్లిల విమానాలు ఎప్పుడు దిగుతయి సారూ? ఎండాకాలానికే అంటుండ్రు."

"తెలియదమ్మా" అన్నాను.

"నీకు ఏదీ తెల్వదు పో" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.